గాజు బూత్‌లో గుట్టు

మాదాపూర్‌లో నేను నెలకింత అని కట్టి కూర్చునే కోవర్కింగ్ స్పేస్‌లో కొత్త బోర్డు వెలిసింది: ‘మీ గోప్యతే మా ప్రాణం! లాయర్లకు, సీఏలకు, కౌన్సెలర్లకు ప్రత్యేక ప్యాకేజీ.’ దాని కిందే, చదవడానికి వీలుగా లావుపాటి అక్షరాల్లో, వైఫై పాస్‌వర్డ్.

ప్యాకేజీలో ముఖ్యమైన సరుకు ఫోన్ బూత్. చూడనివాళ్ల కోసం చెబుతున్నా: నిలబెట్టిన బీరువా, తలుపుకి గాజు, పైన గాలి ఆడటానికి జానెడు సందు. ఆ సందులోంచి గాలి కంటే మాటే బాగా ఆడుతుంది.

మొన్న విడాకుల కేసులు చూసే లాయరమ్మ అందులో దూరింది. మొదట గుసగుసలే. అవతలి క్లయింటుకి వినపడలేదు కాబోలు, గొంతు పెంచింది. ‘కొంపల్లి ఫ్లాటు మీ అత్తగారి పేరు మీదుందా?’ మా వరుసలో కీబోర్డులు ఆగిపోయాయి. ‘బంగారం నలభై తులాలా!’ కాఫీ మెషీన్ దగ్గర కుర్రాడి కప్పు పొంగిపోయింది. స్టార్టప్ సీఈఓ గారు ఇన్వెస్టర్ని హోల్డ్‌లో పెట్టారు. మా సీఏ గారైతే ఉండబట్టలేక గాజు మీద తట్టి, ‘మేడమ్, ఫ్లాటు కొని రెండేళ్లు దాటిందా కనుక్కోండి, క్యాపిటల్ గెయిన్స్ లెక్క మారిపోద్ది’ అన్నారు. మర్నాడు హౌస్‌కీపింగ్ ఆవిడ లిఫ్టులో లాయరమ్మని అడిగింది: ‘బంగారం తిరిగిచ్చారామ్మా?’

క్లయింటు చెప్పింది లాయరు బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్ ఉంది. పాపం, లాయరమ్మ ఎవరికీ చెప్పలేదు.

ప్రింటర్ ట్రేలో దొరికే జీతాల స్లిప్పుల సంగతి వదిలేద్దాం.

రిసెప్షన్ రిజిస్టర్ని మాత్రం వదలను. పేరు, ఫోన్ నంబరు, ఎవరి కోసం, ఏం పని. కౌన్సెలర్ దగ్గరికొచ్చిన అమ్మాయి ఆ ఆఖరి గడిలో ఏం రాయాలయ్యా? తర్వాత వచ్చే ప్రతివాడూ పై వరుసలు చదువుతూ తన వరుస నింపుతాడు. ఒకమ్మాయికి రాత్రి పదకొండింటికి మెసేజ్: ‘హాయ్, పొద్దున రిసెప్షన్‌లో చూశాను.’ కమ్యూనిటీ మేనేజర్ని నిలదీస్తే చిరునవ్వుతో, ‘డేటా చట్టం డిజిటల్ వాటికే సర్, ఇది కాగితం కదా’ అన్నాడు.

నిజమే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని ముక్తకంఠంతో చెప్పారు. అతగాడు చెప్పిన ఆ 2023 డేటా చట్టంలో 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసుకున్నారు. కంప్యూటర్‌కి ఎక్కని కాగితం దాని కిందకి రాదు. ఇంత చట్టంలో ఆ ఒక్క సందూ వెతికి పట్టుకున్న బుర్రకి, ఆ పిల్ల నంబరు మీద అట్టముక్క కప్పాలని తోచదా? సిగ్గుండాలి! ఆ పిల్ల మళ్లీ రాలేదు. కౌన్సెలర్ దగ్గరికి రావడానికి ఎన్నాళ్లు ధైర్యం కూడగట్టుకుందో ఏమో.

చివరికి నేనే ఇంటినుంచి ఒక అట్ట తెచ్చి పై వరుసల మీద క్లిప్పు పెట్టాను. సాయంత్రానికి అది ఫోన్ బూత్ తలుపు కింద ఉంది. లోపల ఉక్కపోస్తోందట, మూసుకోకుండా పెట్టారు.