గేటు గొళ్లెం
నా భర్తకు మొదటి వివాహంలో కలిగిన ముగ్గురు పిల్లలు, నాకున్న ఇద్దరు, మా ఇద్దరికీ పుట్టిన చిన్నది, మా అత్తగారు, మా నాన్నగారు, మేమిద్దరం కలిసి మొత్తం 10 మందిమి ఒకే ఇంట్లో ఉంటూ, నిరుడు చేవెళ్ల దగ్గర ఎకరం నేల తీసుకొని 6 మేకలతో, 20 నాటుకోళ్లతో చిన్న తోట మొదలుపెట్టాము. పని ఎక్కువైందని నా బాధ కాదు. గేటుకు గొళ్లెం పెట్టేవారు ఒక్కరూ లేరన్నదే నా బాధ.

ఈ నెలలోనే మూడుసార్లు మేకలు బయటపడి, మేము నీళ్లు మోసి పెంచిన మునగ మొక్కల చిగుళ్లనూ, పక్క రైతు కందిచేను అంచునూ మేసేశాయి. గూడు తలుపు వేయడం మరచిన రాత్రి, 21 రోజులు గుడ్లు పొదిగి పిల్లలను లేపిన పెట్టను అడవిపిల్లి ఎత్తుకుపోయింది. ఆ పిల్లలను ఇప్పుడు అట్టపెట్టెలో, బల్బు వెచ్చదనంలో నేనే సాకుతున్నాను.

ఎవరు మరచిపోయారని అడిగితే చాలు, ఆరేళ్లుగా ఈ ఇంట్లో వినపడని ‘మీ పిల్లలు’, ‘మా పిల్లలు’ అన్న మాటలు మళ్లీ వస్తున్నాయి. కోడి పోయినదానికన్నా అదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. పెద్దవాణ్ణి గట్టిగా అడిగితే సవతి తల్లిననిపించుకుంటానేమోనని నేను, నా కూతురిని మందలిస్తే నేను నొచ్చుకుంటానేమోనని ఆయన, ఇద్దరమూ మాట్లాడకుండా వెళ్లి గొళ్లెం పెట్టి వస్తున్నాము. నిన్న సాయంత్రం బోరు మోటారు ఆపడానికి వెళ్లేసరికి గేటు మళ్లీ బార్లా తెరిచి ఉంది.