ఇంగ్లండ్‌లో ఇంటి కొనుగోలు: ఊళ్లో ఉన్న సొలిసిటర్ వల్ల ఒరిగేదేమిటి?

ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణంలో ఒక ఇల్లు 4 లక్షల పౌండ్లకు అమ్మకానికి వచ్చిందనుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న శ్లాబుల ప్రకారం, ఇంతవరకు ఎక్కడా సొంత ఇల్లు లేని దంపతులు దాన్ని కొంటే 5,000 పౌండ్ల స్టాంప్ డ్యూటీ కడతారు. తాము ఉంటున్న సొంత ఇల్లు అమ్మి దీన్ని కొనేవారు 10,000 కడతారు. ఇక్కడ అద్దెకుంటూ, హైదరాబాద్‌లో భర్త పేరిట 80 లక్షల రూపాయల ఫ్లాటు ఉన్న తెలుగు దంపతులైతే అదే ఇంటికి 30,000 పౌండ్లు కట్టాలి. ప్రపంచంలో ఎక్కడైనా సరే 40,000 పౌండ్లు, అంతకు మించి విలువ చేసే మరో ఇల్లు ఉన్నవారికి మొత్తం ధర మీద అదనపు పన్ను పడుతుంది. 3 శాతంగా ఉన్న ఆ పన్ను 2024 అక్టోబరు 31 నుంచి 5 శాతమైంది. భార్యాభర్తల్లో ఏ ఒక్కరి పేరిట ఇల్లున్నా ఇద్దరికీ అది వర్తిస్తుంది. తండ్రి పోయాక సొంతూరి ఇంట్లో అన్నదమ్ములతో పాటు వాటా వచ్చినవారు సైతం ‘మొదటిసారి కొనేవారి’ రాయితీకి అర్హులు కారు.

ఇదంతా కొనేవారికి ముందే తెలిసి ఉండాలని ఎవరూ ఆశించరు. ‘మీకు ఇండియాలో ఇల్లుందా, ఎవరి పేరిట ఉంది?’ అని అడగవలసిన బాధ్యత కొనుగోలు వ్యవహారం చూసే వకీలుది, అంటే సొలిసిటర్‌ది. ఇదే పని చవకగా చేసిపెట్టే ఆన్‌లైన్ సంస్థల దరఖాస్తులో ‘ఇది మీ మొదటి ఇల్లా?’ అన్న ఒక్క గడి ఉంటుంది. ఈ దేశంలో కొంటున్నది మొదటిదే కదా అనుకొని మనవాళ్లు అవునని టిక్కు పెడతారు, లెక్క అక్కడితో ముగుస్తుంది. ఆ తర్వాత పన్ను శాఖ తేడాను గుర్తిస్తే బాకీ, వడ్డీ, జరిమానా అన్నీ కొన్నవారి నెత్తినే పడతాయి.

మన ఊళ్లో రిజిస్ట్రేషన్లకు అలవాటు పడిన మనసుతో ఇక్కడి వ్యవహారాన్ని చూడటం వల్లే సొలిసిటర్ ఎంపికను మనం తేలిగ్గా తీసుకుంటున్నామని నా అభిప్రాయం. అక్కడ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప, అమ్మినవాడికి నిజంగా హక్కు ఉందని పూచీ పడదు. అందుకే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, వకీలు అభిప్రాయం అంటూ నానా జాగ్రత్తలూ పడతాం. అవి చూసుకున్నాక కాగితం రాయించడం మాత్రం డాక్యుమెంట్ రైటర్ పని. ఇంగ్లండ్‌లో ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైన హక్కుకు ప్రభుత్వమే హామీ. ఇది విన్న మనవాళ్లు, హక్కు గొడవే లేనప్పుడు సొలిసిటర్ కూడా డాక్యుమెంట్ రైటరే కదా, ఎవరు తక్కువకు చేస్తే వారికే ఇద్దాం అనుకుంటారు. హక్కు మాట అటుంచితే, ఇంటి లోపాలు తెలుసుకునే భారం మాత్రం ఇక్కడ పూర్తిగా కొనుగోలుదారుడిదే. అడిగినదానికి అమ్మేవాడు నిజం చెప్పాలి, అడగనిదాన్ని తనంతట తానుగా చెప్పాల్సిన అవసరం మాత్రం చాలావరకు ఉండదు. ఒప్పందాలు మార్చుకునే ఎక్స్ఛేంజ్ రోజు దాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. ఆ తర్వాత కొనేవారు తగ్గితే సాధారణంగా ధరలో 10 శాతంగా ఉండే డిపాజిట్ పోతుంది. కాబట్టి సరైన ప్రశ్నలన్నీ ఎక్స్ఛేంజ్‌కు ముందే అడగాలి, అవి అడిగేవారు కావాలి.

ఆఫర్ ఒప్పుకున్నారని ఫోన్ చేసిన ఎస్టేట్ ఏజెంట్ అదే నోటితో, ‘మీకు సొలిసిటర్ ఉన్నారా, లేకపోతే మా వాళ్లను పెట్టుకోండి, పని త్వరగా అవుతుంది’ అంటారు. ఏజెంట్‌కు ఫీజు ఇచ్చేది అమ్మేవారన్నది ఆ సంతోషంలో గుర్తుండదు. కేసు పంపినందుకు ఆ సంస్థ నుంచి ఏజెంట్‌కు రెఫరల్ ఫీజు ముట్టడం ఇక్కడ మామూలే. ఆ సంగతి మీకు చెప్పి తీరాలని నిబంధన ఉంది, చెబుతారు కూడా, పదో పేజీలో చిన్న అక్షరాల్లో. కొత్త ఇళ్లు కట్టే బిల్డర్లు కూడా ఇలాగే తమ జాబితాలోని సొలిసిటర్లను చూపించి, 28 రోజుల్లో ఎక్స్ఛేంజ్ అయిపోవాలని గడువు పెడతారు. బిల్డర్ దగ్గరి నుంచే ఏడాది పొడవునా కేసులు అందుకునే సంస్థ, అదే బిల్డర్ రాసిన ఒప్పందంలో లోపం పట్టుకొని నిలదీయాలంటే ఎంత నిబ్బరం కావాలో ఊహించుకోవచ్చు.

నా మొదటి ఇంటికి నేనూ ఏజెంట్ చెప్పిన సంస్థకే కేసు ఇచ్చాను. వారి కార్యాలయం మరో నగరంలో, దాదాపు 200 మైళ్ల దూరంలో ఉంది. పదకొండు వారాల్లో నా ఫైలు ముగ్గురి చేతులు మారింది. డిపాజిట్‌లో కొంత భాగం గుంటూరు జిల్లాలో పొలం అమ్మి నాన్న పంపిన సొమ్ము. మొదటి ఆవిడ బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగారు, ఇచ్చాను. రెండో అతను మళ్లీ అవే అడిగారు. మూడో ఆవిడ, సేల్ డీడ్ ఇంగ్లీషులో ఎందుకు లేదని ఈమెయిల్ చేశారు. తెలుగులో ఉన్న దస్తావేజుకు ధ్రువీకరించిన అనువాదం కావాలని మొదటి వారమే ఒక్క మాట చెప్పి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. చివరికి అప్పటిదాకా కట్టిన రుసుములు వదులుకొని, ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న చిన్న కార్యాలయానికి ఫైలు మార్చాను.

అక్కడి సొలిసిటర్ యాభై దాటిన ఆంగ్ల మహిళ. పట్టాదారు పాస్‌పుస్తకం నకలు బల్ల మీద పరిచి, నాన్న పేరు ఏ గడిలో ఉందో వేలు పెట్టి చూపమన్నారు. దస్తావేజులో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర ఎందుకు వచ్చిందని అడిగి, ఇద్దరూ ఒకరేనని నాన్న చేత నోటరీ ముందు ప్రమాణపత్రం రాయించమన్నారు. ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా భారతీయులు ఇళ్లు కొంటున్నారు, ఆవిడకు ఇది కొత్త కాదు. దస్తావేజులో చూపిన ధరకూ నిజంగా వచ్చిన సొమ్ముకూ తేడా ఉందేమోనని కూడా నెమ్మదిగానే అడిగారు. ఇది మనం సిగ్గుపడి దాచే విషయం, ఇక్కడ మాత్రం దాచి లాభం లేదు. 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల కింద, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపలేని డబ్బును సొలిసిటర్ తన ఖాతాలోకి తీసుకోకూడదు. పొలం ధరలో సగం నగదుగా చేతులు మారిందన్న వివరణ ఇక్కడ పనికిరాదు. నాన్న మా అదృష్టం కొద్దీ మొత్తం చెక్కుల రూపంలోనే తీసుకున్నారు, ఆర్‌బీఐ అనుమతించే ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితిలోనే బ్యాంకు ద్వారా పంపారు.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నా మనసులో ఇప్పటికీ ఉంది. ‘ఇల్లు ఏ వీధిలో ఉంది?’ అని అడిగి, గోడ మీది పటం దగ్గరకు వెళ్లి వేలు పెట్టి చూశారు. కారణం ఇది: రెడింగ్‌లోని కోలీ ప్రాంతంలో ఒకప్పుడు ఇటుకల తయారీ కోసం భూమి కింద సుద్ద తవ్వేవారు. ఆ సొరంగాల మీదే తర్వాత ఇళ్లు కట్టారు. 2000లో అక్కడి ఫీల్డ్ రోడ్‌లో నేల కుంగిపోయి కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇల్లు కొనేవారి తరఫున చేయించే సెర్చ్‌ల, అంటే రికార్డుల తనిఖీల జాబితా చాలా సంస్థల్లో పోస్ట్‌కోడ్‌ను బట్టి కంప్యూటరే తయారు చేస్తుంది: కౌన్సిల్ సెర్చ్, నీరు, డ్రైనేజీ, పర్యావరణం, బొగ్గు ప్రాంతమైతే బొగ్గు గనులు. రెడింగ్ బొగ్గు ప్రాంతం కాదు కనుక ఆ జాబితా గనుల ఊసెత్తకుండానే ముగిసిపోవచ్చు. సుద్ద సంగతి అడగాలని తట్టేది ఆ ఊరి నేల గురించి విన్నవారికే. చెషైర్‌లో నార్త్‌విచ్ దగ్గర ఉప్పునీరు తోడేయడంతో కుంగిన నేలలు, కార్న్‌వాల్‌లో తగరపు గనులు ఇలాంటివే. కొత్త ఎస్టేట్లలో ఏ రోడ్లను కౌన్సిల్ ఇంకా తన నిర్వహణలోకి తీసుకోలేదో, వాటి నిర్వహణకు ఏటా ఎంత వసూలు చేస్తున్నారో, గొడవ ఎక్కడ నడుస్తోందో కూడా ఆ ఊళ్లో నెలకు నాలుగు కేసులు చేసేవారికే ముందుగా తెలుస్తుంది.

రిజిస్ట్రీ ఆన్‌లైన్‌లో ఉంది, సెర్చ్‌లూ ఆన్‌లైన్‌లోనే, సంతకం కూడా ఫోన్‌లో చేయొచ్చు, ఇంకా ఊరి సొలిసిటర్ ఎందుకు అన్న వాదనలో కొంత నిజం ఉంది. కాగితం కదిలించడానికి దూరం అడ్డు కాదు. 1985 చట్టంతో సొలిసిటర్ల గుత్తాధిపత్యం పోయి, ఇళ్ల బదిలీ పనికి లైసెన్స్ పొందిన కన్వేయన్సర్లు వచ్చారు. ఇళ్ల పని తప్ప మరొకటి చేయని వారిలో సమర్థులు చాలామందే ఉన్నారు. పెద్ద సంస్థ అయితే భద్రం అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. 2021 నవంబరులో దేశంలోని పెద్ద కన్వేయన్సింగ్ సంస్థల సమూహం ఒకదాని కంప్యూటర్లు స్తంభించి, సామాను లారీలో ఎక్కించుకున్న కుటుంబాలు సైతం తాళాలు అందక చిక్కుకుపోయాయి. చిన్న కార్యాలయాలకూ తమ కష్టాలున్నాయి. ఉన్న ఒక్క సొలిసిటర్ ఆగస్టులో సెలవు మీద వెళితే ఫైలు బల్ల మీదే ఉండిపోతుంది.

మరో అలవాటు గురించి చెప్పక తప్పదు. ‘మనవాడే, తెలుగువాడే’ అని వీసా కేసులు చూసే సొలిసిటర్‌కు ఇంటి పని అప్పగించడం మనలో ఉంది. భాష కలవడం మంచిదే. నిర్ణీత కాలపు లీజు మీద కొనే లీజ్‌హోల్డ్ ఫ్లాటులో ఆ లీజు ఎన్నేళ్లు మిగిలిందో, ఎత్తైన భవనమైతే 2022 భవన భద్రతా చట్టం కింద మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలో చూడగలిగిన అనుభవానికి మాత్రం అది బదులు కాదు.

ఇల్లు చూడటం మొదలుపెట్టిన వారంలోనే ఊళ్లో ఇద్దరు ముగ్గురు సొలిసిటర్లకు ఫోన్ చేయడం మేలు. నా ఫైలు చివరిదాకా చూసేది ఎవరు, వారు సెలవులో ఉంటే ఎవరు, వారితో నేరుగా మాట్లాడవచ్చా అని అడగాలి. ఫోన్ ఎత్తిన మనిషి జవాబు ఇచ్చే తీరే చాలా చెబుతుంది. ధర వివరాలను వెబ్‌సైట్‌లో పెట్టాలని 2018 డిసెంబరు నుంచి నిబంధన ఉంది కాబట్టి, ఫీజు వేరు, సెర్చ్‌లు, రిజిస్ట్రీ రుసుములు వేరుగా రాయించుకుని పోల్చాలి. పైకి తక్కువగా కనిపించే కొటేషన్లలో లీజ్‌హోల్డ్‌కు ఇంత, గిఫ్ట్ డిపాజిట్‌కు ఇంత, బ్యాంకు బదిలీకి ఇంత అని వెనక నుంచి కలుస్తాయి. రుణమిచ్చే బ్యాంకు ఆమోదించిన సొలిసిటర్ల జాబితాలో (ప్యానెల్‌లో) ఆ సంస్థ లేకపోతే బ్యాంకు మరో సొలిసిటర్‌ను పెట్టుకోవడం, ఆ ఖర్చూ మన మీద పడటం జరుగుతుంది. వారి పేరు నియంత్రణ సంస్థ రిజిస్టరులో ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

అమ్మేవారి విషయంలో చెప్పేది కొంచెమే. ఏజెంట్ బోర్డు పాతిన రోజే సొలిసిటర్‌ను పెట్టుకుంటే, వెనక కట్టిన గది అనుమతి పత్రాలు, కిటికీలు మార్చిన ధ్రువపత్రాలు కొనేవారు దొరికేలోపే వెతికి ఉంచవచ్చు. ఇంటి వివరాల పత్రంలో పొరుగువారితో గొడవ ఉందా అన్న ప్రశ్నకు అబద్ధం రాస్తే, అమ్మేశాక కూడా దావా రావచ్చు.

నడిచి వెళ్లగలిగే కార్యాలయం వల్ల మరో పెద్ద మేలుంది. ఈమెయిళ్లలోకి చొరబడే మోసగాళ్లు, మిగతా సొమ్ము కట్టి తాళాలు తీసుకునే కంప్లీషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు, సొలిసిటర్ పంపినట్టే ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాస్తారు. ఆ లేఖను నమ్మి పంపిన డిపాజిట్లు తిరిగి రాని కుటుంబాలున్నాయి. నాకూ కంప్లీషన్‌కు ముందురోజు అలాంటి ఈమెయిల్ ఒకటి వచ్చింది. పేరు, లోగో, ఫైలు నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను కోటు తగిలించుకొని ఆ పది నిమిషాలు నడిచి వెళ్లి కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చదివి, తల అడ్డంగా ఊపి, మొదటి సమావేశంలో తన చేత్తో రాసిచ్చిన ఖాతా నంబరు ఇంకా నా పర్సులో ఉందా అని అడిగారు. ఉంది.