చిత్రంలో తదితరులు

తెలుగు పత్రికల్లో ఇప్పటివరకు ఎక్కువసార్లు ఫొటో పడింది ఎవరిది అని ఏ పోటీ పరీక్షలోనైనా అడిగితే, చాలామంది ఏ ముఖ్యమంత్రి పేరో, సినిమా హీరో పేరో రాసి మార్కు పోగొట్టుకుంటారు. సరైన జవాబు శ్రీ తదితరులు గారు. ప్రారంభోత్సవాల్లో ఆయనే, సన్మానాల్లో ఆయనే, రక్తదాన శిబిరాల్లో ఆయనే, సంతాప సభల్లోనూ ఆయనే. ఆయన పాల్గొనని కార్యక్రమం అనంతపురం జిల్లాలో ఒక్కటి జరిగినా నాకు చూపించండి.

నేను ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ని. రికార్డుల్లో మాత్రం నా హోదా వేరు. జర్నలిజం ఎం.ఏ. రెండో ఏడాది చదువుతూ, మా విశ్వవిద్యాలయం నెలకోసారి వేసే పత్రికకు ఫొటోలు తీస్తుంటాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పను, ఇంటర్నల్ మార్కులు ఇంకా వేయలేదు. డిపార్ట్‌మెంటుకు ఒక కెమెరా, కెమెరాకు ఒక బ్యాటరీ, రెంటికీ ఒక బీరువా, బీరువాకు ఒక తాళం, ఆ తాళానికి ఒక అటెండర్. ఆయన భోజనానికి వెళ్లిన గంటన్నరలో క్యాంపస్‌లో విమానం కూలినా మాకు అది వార్త కాదు.

ఈ వ్యాసానికి కారణం ఆగస్టు 19. ఆ రోజు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఫొటోగ్రఫీ దినోత్సవం అంటే ఫొటోల ప్రదర్శన పెడతారేమో అని మేం ఆశపడ్డాం. చిన్నపిల్లలం కదా. పెద్దలు సమావేశమై, టీ తాగి, మొక్క నాటాలని నిర్ణయించారు. మా దగ్గర ఏ దినోత్సవం వచ్చినా మొక్కే నాటుతారు. యోగా దినానికి మొక్క, గణిత దినానికి మొక్క, మాతృభాషా దినానికి ఇంకో మొక్క. ఈ లెక్కన ఈపాటికి మా క్యాంపస్ నల్లమల అయిపోవాలి. కాకపోవడానికి కారణం చాలా సులువు. మొక్కలు మారుతుంటాయి గానీ గుంత మాత్రం ఒక్కటే.

ఆ గుంత పరిపాలనా భవనం ముందు ఉంటుంది. ఎండ వెనక నుంచి పడదు, బోర్డు కనిపిస్తుంది, కార్లు దగ్గరిదాకా వస్తాయి. మొక్క బతకడానికి కావలసినవి తప్ప ఫొటోకు కావలసినవన్నీ ఉన్న చోటు. గడ్డపార వేస్తే ఖంగుమనే నేల. అందుకే తోటమాలి తాత రెండు రోజుల ముందు నుంచే తవ్వుతాడు.

కార్యక్రమం తొమ్మిదికి అన్నారు. పదకొండుకు పెద్దసార్లు వచ్చారు. కానుగ మొక్క, కొత్త ప్లాస్టిక్ మగ్గు, మగ్గు మీద ఇంకా ఊడదీయని ధర స్టిక్కరు. పద్నాలుగు మంది ఒక్క మొక్కను పట్టుకున్నారు. మొక్క జానెడున్నర. దాని మీద ఇరవై ఎనిమిది చేతులు పట్టవు కాబట్టి, ముందు వాళ్లు మొక్కను, రెండో వరస వాళ్లు ముందు వాళ్ల మోచేతులను, మూడో వరస వాళ్లు రెండో వరస భుజాలను పట్టుకున్నారు. కరెంటు ప్రవహించినట్టు పర్యావరణ స్పృహ చివరివాడిదాకా వెళ్లాలన్నది లెక్క. మొక్కను తప్ప అందరూ నన్నే చూస్తున్నారు. కెమెరాతో వచ్చిన కిట్ లెన్సును 18 మిల్లీమీటర్ల దగ్గర, అంటే బాగా వెడల్పుగా పెట్టి తీస్తే చివర నిలబడిన వాళ్ల ముఖాలు అడ్డంగా సాగుతాయి. అందుకని వెనక్కి నడిచాను. నేను వెనక్కి నడిచేకొద్దీ పక్కల నుంచి కొత్తవాళ్లు వచ్చి చేరారు. ఇద్దరి భుజాల మధ్య నుంచి తల మాత్రమే బయటపెట్టే సార్ ఒకాయన మా దగ్గర ఉన్నారు. ఆ తల లేకుండా రెండేళ్లలో నేను ఒక్క గ్రూప్ ఫొటో తీయలేకపోయాను.

మొక్క నిలబడలేదు. తాత మోకాళ్ల మీద కూర్చుని మొదలు దగ్గర పట్టుకుని ఉన్నాడు, చేతినిండా మట్టి. "నువ్వు పక్కకు రాప్పా, ఫొటోలో పడుతున్నావు" అన్నారు ఒక సార్. తాత లేచాడు, మొక్క పడిపోయింది. మళ్లీ కూర్చోమన్నారు. కూర్చుంటే ఫొటోలో పడతాడు. లేస్తే మొక్క పడుతుంది. పది నిమిషాల చర్చ జరిగింది. అకడమిక్ కౌన్సిల్‌లో కూడా అంత లోతైన చర్చ జరుగుతుందని నేననుకోను. చివరికి తాతను సఫారీ సూట్ల వెనక కూర్చోబెట్టి, కాళ్ల సందులోంచి చెయ్యి పెట్టి పట్టుకోమన్నారు. క్లిక్ చేశాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడే ఇంకో పెద్దసారు కారు దిగారు. ఆయన లేకుండా నాటిన మొక్క చెల్లదు కాబట్టి దాన్ని పీకి మళ్లీ నాటారు. ఆ తర్వాత ముఖ్య అతిథి వచ్చారు. మూడోసారి నాటారు. గంటలో మూడుసార్లు భూమిలోకి వెళ్లి రెండుసార్లు బయటికొచ్చిన ఆ కానుగకు చివర్లో మగ్గుతో నీళ్లు పోశారు. అవి వేర్లకన్నా ఎక్కువగా తాత తల మీద పడ్డాయి.

తర్వాత సభ. వక్త 1839 గురించి, ఫొటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటి కనిపెట్టిన ఫ్రెంచివాడు డాగెర్ గురించి, ఆ ఆగస్టు 19న ఫ్రాన్స్ ఆ కళను ప్రపంచానికి కానుకగా ఇచ్చిన సంగతి గురించి నలభై నిమిషాలు చెప్పారు. డాగెర్ 1838లో పారిస్ వీధిని తీసిన ఫొటో కథ మాత్రం వదిలేశారు. అప్పట్లో ఒక్క ఫొటోకు నిమిషాల తరబడి వెలుతురు పడనివ్వాలి. అందుకని ఆ వీధిలో తిరుగుతున్న బళ్లూ గుర్రాలూ పెద్దమనుషులూ ఎవరూ ఫొటోలో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన ఒకాయన, ఆ పాలిష్ చేసేవాడు కనిపిస్తారు. ఫొటోలోకి ఎక్కిన మొట్టమొదటి మనుషులు వాళ్లే అంటారు. అంటే కెమెరా కళ్లు తెరవగానే చూసినవాళ్లలో పని చేసుకునేవాడు ఒకడున్నాడు. అదే ఫొటో మా పత్రికకు వచ్చి ఉంటే, "బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ప్రముఖుడు, చిత్రంలో తదితరులు" అని వేసేవాళ్లం.

మా మొక్క ఫొటోను అలాగే వేశాం కూడా. మొదటి పేజీ, నాలుగు కాలమ్‌లు. ప్రూఫ్ చూసిన సారు అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఆ కాళ్ల సందులో వేళ్లు ఎవరివి?" ఆ ఫొటోలో నిజంగా మొక్కను పట్టుకున్న వేళ్లు అవే సార్ అనబోయి ఆగాను. వేళ్లు చెరిపేశారు. ఇప్పుడు ఆ ఫొటోలో కానుగ మొక్క భూమికి కాస్త పైన గాల్లో నిలబడి ఉంటుంది. మరుసటి నెల, తన పేరు తదితరుల్లో కలిసిపోయిందని భుజాల మధ్య తల సారు ఫిర్యాదు చేశారు. దాంతో అదే ఫొటో మళ్లీ వేసి, ఎడమ నుంచి కుడికి పదమూడు పేర్లు ఇచ్చి, చివర్లో "తదితరులు" అని ముగించాం. ఇంకా ఎవరు మిగిలారో దేవుడికే తెలియాలి.

అదే సంచికకు నేను ఇచ్చిన ఇంకో ఫొటో ఉంది. అమ్మాయిల హాస్టల్లో మూడు రోజులు నీళ్లు లేవు. రాత్రి పదకొండుకు ట్యాంకరు వచ్చింది. వీధి దీపం ఒక్కటే. చీకట్లో తీయడానికి కెమెరా సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, 6400కి పెంచినా ఇసుక చల్లినట్టే వచ్చింది గానీ, బకెట్ల వరస కనిపించింది. వరసలో పుస్తకం పట్టుకుని చదువుకుంటున్న అమ్మాయి కనిపించింది, పొద్దున ఆమెకు పరీక్ష. "చీకటిగా ఉంది" అన్నారు. వెలుతురు పెంచి ఇచ్చాను. "విశ్వవిద్యాలయ ప్రతిష్ఠ" అన్నారు. ఏం ప్రతిష్ఠ అది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ అనుకునే జిల్లా ఇది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అర్ధరాత్రి బకెట్లతో నిలబడితే పోని ప్రతిష్ఠ, వాళ్లు నిలబడ్డారని చెబితే పోతుందా? దాని స్థానంలో వేసిన ఫొటో ఏమిటో తెలుసా? ఇంకో భవనంలో తాగునీటి యంత్రానికి రిబ్బను కత్తిరించడం. ఆ అమ్మాయిలకు ఆ యంత్రం దాకా వెళ్లడానికే అనుమతి లేదు!

ఈ సీమలో మనుషులను వరసలో పెట్టి ఫొటో తీయడం కొత్త కాదు. 1876–78లో ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, బళ్లారి జిల్లాలో భాగం, 1882లో విడిపోయింది. బళ్లారి, కడప, కర్నూలు ఎండిపోయిన ఆ కరువు కాలంలో, మద్రాసు సైన్యంలో అధికారి అయిన హూపర్ అనే దొర ఎముకల గూళ్లను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. అచ్చం గ్రూప్ ఫొటోలే. వాటి కింద ఒక్కరి పేరూ నేను చూడలేదు. తీసినవాడి పేరు మాత్రం అందరికీ తెలుసు. దొరను తిట్టుకుంటూ పడుకున్న రాత్రి ఒక సంగతి తట్టి నిద్ర పట్టలేదు. తోటమాలిని రెండేళ్లుగా తాతా అని పిలుస్తున్నాను. పేరు ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు వెళ్లి అడిగాను. చెప్పాడు. వేళ్లు చెరపని ఫొటో ప్రింటు తీసి ఇచ్చాను. పత్రిక కూడా చూపించి, కింద ఉన్నది చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు.

"తదితరులంటే యా ఊరోళ్లు నాయనా?" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. కానుగ అక్టోబరుకల్లా ఎండిపోయింది. వచ్చే వారం ఇంకేదో దినోత్సవం ఉందట, బీరువా తాళం కోసం రిజిస్టర్లో సంతకం పెట్టి వస్తుంటే, తాత అదే గుంతలో మట్టి తీస్తున్నాడు.

"ఈసారి తదితరులు ఎంతమంది వస్తారంట?" అని అడిగాడు.

పద్నాలుగు మంది అన్నాను. గుంతను ఇంకో జానెడు వెడల్పు చేశాడు.