సన్న ఫిల్టర్ ఒక్కటే హైప్రెషర్ పంపును కాపాడదు

గోదావరికి వరద తగిలి ధవళేశ్వరం నుంచి కాలువల్లోకి ఎర్రనీరు దిగే జూలై, ఆగస్టు నెలల్లో డెల్టా అంతటా హైప్రెషర్ పంపులకు గడ్డుకాలం మొదలవుతుంది. వాహనాలు కడిగే సర్వీసింగ్ సెంటర్లు, కొబ్బరితోటల్లోనూ వరిచేలల్లోనూ మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, ఊరూరా టిన్నుల్లో మంచినీళ్లు అమ్మే ఆర్‌ఓ ప్లాంట్లు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో నేలా బల్లలూ కడిగే యంత్రాలు, ఇవన్నీ ఏదో ఒక హైప్రెషర్ పంపు మీదే నడుస్తున్నాయి. పంపు దెబ్బతిన్న ప్రతిసారీ వినిపించే సలహా మాత్రం ఒక్కటే: ఇంకా సన్న ఫిల్టర్ పెట్టండి. వెనకా ముందూ చూడకుండా ఈ సలహా పాటిస్తే, ఇసుక వల్ల పాడయ్యే పంపు నీరందక పాడవుతుంది. ఫిల్టర్‌ను ఎంచుకోవడానికి మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) అంకె కంటే ముందు చూడవలసినవి రెండున్నాయి: ఊళ్లోకి వచ్చే నీరు ఎలాంటిది, పంపు సక్షన్‌కు, అంటే నీరు తీసుకునే వైపుకు, ఎంత నీరు కావాలి.

ముందుగా ఇసుక చేసే నష్టం ఏమిటో చూద్దాం. స్ప్రేయర్లలోనూ వాటర్ సర్వీసింగ్ యంత్రాలలోనూ ఉండేది ప్లంజర్ పంపు, అంటే ముందుకూ వెనక్కూ ఆడే కడ్డీతో నీటిని నెట్టే పంపు. మంచి రకం పంపుల్లో ప్లంజర్‌కు సిరామిక్ తొడుగు ఉంటుంది. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7, అల్యూమినా సిరామిక్‌ది 9. అంటే ఇసుక సిరామిక్‌ను సులువుగా గీయలేదు కానీ ఇత్తడినీ మామూలు ఉక్కునూ గీయగలదు, రబ్బరు సీలు పెదవిలో దిగబడి అక్కడే ఉండిపోగలదు. అలా దిగబడ్డ రేణువు ప్లంజర్ ఆడిన ప్రతిసారీ సీలును కొద్దికొద్దిగా కోస్తూ పోతుంది. మరో రేణువు వాల్వుకూ దాని సీటుకూ మధ్య చిక్కుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ సన్న సందులోంచి వెనక్కి దూకే నీరు సీటు మీద గాడి తీస్తుంది. పంపు విప్పి చూస్తే ఈ గాడి గోరుకు తగులుతుంది. సీలు దాటిన నీరు క్రాంక్‌కేసులోకి, అంటే ఆయిల్ ఉండే పెట్టెలోకి, చేరితే ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. ఆయిల్ అద్దంలో ఆ రంగు కనిపించాక కూడా నడిపితే ఇక బేరింగుల వంతు వస్తుంది.

ఇక రెండో ప్రమాదం చాలామంది లెక్కలోకి తీసుకోనిది. పంపు నీటిని లాగుతుందని మనం అనుకుంటాం. నిజానికి పంపు ఖాళీ చేసిన చోటులోకి నీటిని నెట్టేది వాతావరణ పీడనం. దాని బలం మొత్తం కలిపి సుమారు పది మీటర్ల నీటి ఎత్తు మాత్రమే. ఆ పదిలోంచే పైపు ఒరిపిడికి, మలుపులకు, నీటి మట్టం లోతుకు, ఫిల్టర్ అడ్డుకు ఖర్చు పోవాలి. ఫిల్టర్ పట్టేసి చదరపు సెంటీమీటరుకు 0.2 కిలోల పీడనం తినేసిందంటే, రెండు మీటర్ల అదనపు లోతు నుంచి తోడుతున్నట్టే. అందులోనూ ప్లంజర్ పంపు నీటిని సమంగా తీసుకోదు, అంగలు వేస్తూ తీసుకుంటుంది కాబట్టి ఒక్కో క్షణంలో దానికి కావలసిన నీరు సగటు కంటే ఎక్కువ. అది అందకపోతే లోపలి నీరు ఆవిరి బుడగలుగా విడిపోయి, పీడనం పెరిగిన మరుక్షణం ఆ బుడగలు చిట్లుతాయి. దీన్నే క్యావిటేషన్ అంటారు. పంపులో గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు వస్తుంది, హోస్ పైపు ఎగిరెగిరి పడుతుంది, లోహం మీద గుంటలు పడతాయి. మే నెల ఎండలో మిద్దె మీది ట్యాంకు నీరు వేడెక్కి ఉంటే బుడగలు మరింత తేలిగ్గా పుడతాయి. సక్షన్ పైపుకు ఐదు మైక్రాన్ల క్యాండిల్ (గొట్టంలా ఉండే ఫిల్టర్) ఒకటి తగిలించి పంపును కాపాడానని అనుకునేవారు తెలుసుకోవలసిన విషయం ఇదే.

పైగా ఆ ఐదు మైక్రాన్లన్న మాటను ఎంతవరకు నమ్మాలో కూడా చూడాలి. మార్కెట్లో చవగ్గా దొరికే స్పన్ క్యాండిళ్ల మీద వేసేది చాలావరకు నామినల్ అంకె. ఆ పరిమాణంలో ఉన్న రేణువుల్లో కొంత శాతాన్ని ఆపుతుందని తప్ప, అన్నింటినీ ఆపుతుందని దానికి అర్థం లేదు. అబ్సల్యూట్ అని ఉంటేనే దాదాపు అన్నింటినీ ఆపినట్టు లెక్క. స్టీలు జల్లెడలను మెష్‌లో, అంటే అంగుళానికి ఎన్ని రంధ్రాలన్న లెక్కలో, అమ్ముతారు. 60 మెష్ అంటే సుమారు 250 మైక్రాన్లు, 100 మెష్ అంటే 150, 200 మెష్ అంటే 75. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది కనుక మైక్రాన్లకూ మెష్‌కూ తికమక పడకుండా కొనాలి.

మనకు వచ్చే నీరు ఎలాంటిదో తెలుసుకోవడానికి ల్యాబుకు పోనక్కర్లేదు. అడుగు ఎత్తున్న గాజు సీసాలో కాలువ నీరు పట్టి కదలని చోట పెట్టి చూడండి. 60 మైక్రాన్ల సన్న ఇసుక రెండు నిమిషాలలోపే అడుగుకు చేరుతుంది. 10 మైక్రాన్ల ఒండ్రు రేణువుకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. రెండు మైక్రాన్ల బంకమట్టి రేణువుకు దాదాపు ఒక రోజు కావాలి, అంతకంటే సన్నవి రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. పంపుకు ఎక్కువ హాని చేసే ముతక రేణువులను ఖర్చు లేకుండా తీసేది తేరిక తొట్టే అని ఈ లెక్క చెబుతోంది. అందుకే వరద నెలల్లో కాలువ నీటిని నేరుగా ఫిల్టర్‌కు ఇవ్వడం డబ్బు దండగ అని నేనంటాను. రెండు తొట్లు కట్టుకుని, ఒకటి తేరుతుండగా మరొకటి వాడుకుంటూ, పైపు మూతిని అడుగు నుంచి ఒక అడుగు పైన ఉంచితే ఫిల్టర్ మీద పడే భారం చాలావరకు అక్కడే తీరిపోతుంది. మరుసటి ఉదయానికీ సీసాలో నీరు ఎర్రగానే ఉంటే ఆ రంగు బంకమట్టిది. దాన్ని పట్టుకోబోయిన సన్న క్యాండిల్ గంటల్లో మూసుకుపోతుంది. మన పెద్దలు చిల్లగింజ అరగదీసి కలిపినా, నేటి నీటి పథకాల్లో పటిక వేస్తున్నా ఉద్దేశం ఒక్కటే, విడివిడిగా తేలే బంకమట్టిని ముద్దలు కట్టించి దించడం. అయితే ఆర్‌ఓ ప్లాంటులో పటిక మోతాదు మించితే నీటిలో మిగిలిన అల్యూమినియం, ఉప్పును వడకట్టే ఆర్‌ఓ పొరల (మెంబ్రేన్ల) మీద పేరుకుంటుంది కాబట్టి అక్కడ చేతి లెక్క పనికిరాదు.

బోరు నీటి సంగతి వేరు. ఇనుము ఉన్న నీరు బోరు నుంచి వచ్చేటప్పుడు తేటగానే ఉంటుంది, గాలి తగిలాక ఎర్రబడుతుంది. నీటిలో కరిగి ఉన్న ఇనుమును ఏ క్యాండిలూ ఆపలేదు, అది ఫిల్టర్ దాటిపోయి పంపులోనో పైపులోనో తుప్పురంగు మడ్డిగా దిగుతుంది. ఆ నీటిని ముందు గాలికి తగిలేలా జల్లుగా తొట్టిలో పడనిచ్చి, ఆ తర్వాతే శాండ్ ఫిల్టర్‌కు పంపాలి. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వంటి తీరప్రాంతాల్లో ఉప్పుదీ ఇదే కథ. ఉప్పును ఫిల్టర్ ఆపదు కనుక పంపు లోహం నాణ్యతను చూసుకోవడం, పని ముగిశాక మంచినీటితో కాసేపు నడిపి కడగడం తప్ప వేరే మార్గం లేదు. ఇక వేసవిలో కాలువలు కట్టేశాక ఊరిచెరువు నీటిలో సమస్య నాచుది. నాచు మెత్తగా వంగి జల్లెడలోంచి జారిపోతుంది కాబట్టి దానికి శాండ్ ఫిల్టర్ లేదా డిస్క్ ఫిల్టర్ మేలు.

స్ప్రేయర్, సర్వీసింగ్ సెంటర్ యజమానులకు నేను చెప్పేది ఒక్కటే. సక్షన్ వైపు కడిగి వాడుకునే స్టీలు జల్లెడ చాలు, అది కూడా పంపు తీసుకునే నీటికి కనీసం రెండింతల సామర్థ్యం ఉన్నదై ఉండాలి. తేరిన నీటికి 60 నుంచి 100 మెష్ సరిపోతుంది. అంతకన్నా సన్నగా వడకట్టాలంటే ఆ పని చిన్న ఫీడ్ పంపుతో ముందే చేసి, వడకట్టిన నీటిని తొట్టిలో నిల్వ చేసి, ఆ తొట్టిని పంపు కంటే ఎత్తులో పెట్టాలి. ఇంకో చిన్న విషయం: సక్షన్ వైపు ఫిల్టర్ మూతలో ఓ-రింగు సరిగా కూర్చోకపోతే బయటికి చుక్క నీరు కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పంపు కొట్టుకుంటుంటే మెకానిక్ సీళ్లు మార్చే ముందు ఆ ఓ-రింగుకు కాస్త గ్రీజు రాసి చూడాలి.

ఆర్‌ఓ ప్లాంట్లలో హైప్రెషర్ పంపుకు ముందు ఐదు మైక్రాన్ల క్యాట్రిడ్జ్ తప్పనిసరి. పంపుకూ పొరలకూ అదే ఆఖరి కాపలా, కార్బన్ ఫిల్టర్ నుంచి రాలే నల్లటి పొడినీ అదే ఆపాలి. కానీ ఇక్కడ పొదుపు పేరుతో చిన్న హౌసింగులు (క్యాట్రిడ్జ్ కూర్చునే డబ్బాలు) పెట్టేస్తున్నారు. రెండున్నర అంగుళాల వ్యాసం, పది అంగుళాల పొడవు ఉన్న క్యాట్రిడ్జ్‌తో పోలిస్తే, నాలుగున్నర అంగుళాల వ్యాసం, ఇరవై అంగుళాల పొడవు ఉన్న జంబో క్యాట్రిడ్జ్ బయటి ఉపరితలం మూడున్నర రెట్లకు పైమాటే. అదే నీటికి అడ్డు తగ్గుతుంది, మురికి పట్టే శక్తి పెరుగుతుంది, మార్చే అవసరమూ ఆ మేరకు తగ్గుతుంది. చిన్నది పెట్టిన చోట అది తరచూ పట్టేస్తుంది, సక్షన్‌లో ఒత్తిడి పడిపోయి లోప్రెషర్ స్విచ్ మోటారును ఆపేస్తుంది. అప్పుడు క్యాట్రిడ్జ్ మార్చకుండా స్విచ్ తీగలు కలిపేసి ప్లాంటు నడిపే అలవాటు నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. పంపును కాపాడే చివరి పరికరాన్ని తీసేసి, ఆ తర్వాత మెకానికల్ సీలు కాలిపోయిందని పంపును నిందించడం న్యాయం కాదు.

పంచాయతీ డబ్బుతోనో దాతల డబ్బుతోనో ప్లాంటు పెట్టించే పెద్దలు టెండరు కాగితంలో ఈ షరతులు రాయించాలి: క్యాట్రిడ్జ్ రేటింగు నామినలా, అబ్సల్యూటా అన్నది స్పష్టంగా ఉండాలి, ఫిల్టర్‌కు ముందొకటి, తర్వాతొకటి ప్రెషర్ గేజిలు బిగించాలి, కొత్త క్యాట్రిడ్జ్ వేసిన రోజు ఆ రెండింటి మధ్య తేడాను పుస్తకంలో రాయాలి. ఫీడ్ పంపు ఉన్న లైనులో ఆ తేడా 0.7 నుంచి 1 కిలో దాకా పెరిగితే క్యాట్రిడ్జ్ మార్చాలని, మార్చే ఖర్చు నిర్వహణ ఒప్పందంలోనే కలిసి ఉండాలని కూడా అందులో చేర్చాలి. ఎర్రనీరు వచ్చే నెలల్లో క్యాట్రిడ్జ్‌లు ఎక్కువ కావాలి కాబట్టి, జూన్‌లో కాలువలు వదిలేనాటికే వాటి నిల్వ ప్లాంటులో ఉండేలా చూడాలి.