మీట్‌బాల్ గారికి, మియాపూర్ నుంచి

మహారాజశ్రీ మీట్‌బాల్ గారికి, మియాపూర్ నుంచి మీ ఆదివారపు అతిథి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మాంసపు ఉండలైన మీరు కూడా ఆ క్రీమ్ సాస్‌లో, పక్కన ఆలుగడ్డ ముద్దతో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఆదివారం మీ దర్శనానికి, అంటే కుర్చీలూ బీరువాలూ అమ్మే స్వీడన్ వాళ్ళ ఐకియా కొట్టులోని భోజనాల హాలుకి, అయిదుగురం వచ్చాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, తెనాలి నుంచి వచ్చిన మా నాన్న. మీకు గుర్తుండకపోవచ్చు. వెయ్యి కుర్చీల హాల్లో మాది ఒక మూల టేబులు. బయల్దేరేటప్పుడే మా ఆవిడ నా దగ్గర మాట తీసుకుంది. "తినొచ్చేద్దాం, అంతే. ఏమీ కొనేది లేదు." సరేనన్నాను. నాన్నకి మాత్రం ఈ ప్రయాణం ఏమిటో ఒక పట్టాన అర్థం కాలేదు. "కుర్చీల కొట్టుకి భోజనానికి వెళ్ళడమేంట్రా? రేపు సిమెంటు కొట్టుకి టిఫిన్‌కి పోదామంటావేమో" అన్నారు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేదాకా ఇదే మాట.

ఆయన్ని తప్పుపట్టలేం. 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో మన దేశపు మొదటి ఐకియా తెరిచినప్పుడు ఒక్కరోజే సుమారు 40 వేల మంది వచ్చిపడ్డారు. హైటెక్ సిటీ రోడ్లు బిగుసుకుపోయాయి. అంతమందికీ ఒక్కసారిగా సోఫా అవసరం పడిందంటే నేను నమ్మను. బిర్యానీ 99 రూపాయలని పేపర్లో పడింది మరి! ఈ ఊళ్ళో బిర్యానీ రేటు తగ్గిందని వింటే పెళ్ళి పీటల మీద నుంచైనా లేచి వస్తారు.

తిన్నగా మీ దగ్గరికే వద్దామనుకున్నాం గానీ పిల్లలు నేల మీది బాణం గుర్తుల వెంట పడ్డారు. ఇక తిరుమలలో కంపార్ట్‌మెంట్లు దాటినట్టే. హాళ్ళు, పడకగదులు, వంటగదులు, మళ్ళీ హాళ్ళు. ఏ గదిలోనూ మనుషులు కాపురం ఉండరు, అన్ని గదుల్లోనూ మనుషులే. నాన్న ప్రతి సోఫాలోనూ కూర్చుని చూశారు. ఒకచోట చెప్పులు విప్పి, కాళ్ళు పైకి పెట్టుకుని, ఆ గదిలో దేవుడి గూడు ఎక్కడుందని అడిగారు. పిల్లలు ఈలోగా అక్కడ ఊరికే ఇచ్చే పొట్టి పెన్సిళ్ళు, కొలతలకి వాడే కాగితం టేపులు జేబుల్లో కుక్కుకున్నారు. ఊరికే వచ్చింది కదా అని నేనూ ఒక టేపు తీసుకున్నాను. ఆ టేపు మాట మళ్ళీ చెబుతాను.

మీ హాలు గుమ్మంలో మూడు ట్రేలు ఒకదాని కింద ఒకటి పట్టే చక్రాల బండి ఉంటుంది. "నేను తోస్తా" అని నాన్న దాన్ని లాక్కున్నారు. పై అరలో పిల్లల కోసం మీరు, మధ్య అరలో బిర్యానీ ప్లేట్లు, కింది అరలో కేకు ముక్కలు, ఖాళీ గ్లాసులు. గ్లాసు కొంటే ఎన్నిసార్లయినా నింపుకోవచ్చని తెలిశాక మా కుటుంబంలో మొట్టమొదటిసారిగా నీళ్ళ సీసా సంచిలోంచి బయటికి రాలేదు. అయిదుగురికీ కలిపి 960 రూపాయలు. మా వీధి చివరి హోటల్లో ఆదివారం పూట ఆ డబ్బుకి స్టార్టర్లు వస్తాయి, సగం కడుపుతో ఇంటికి రావాలి.

మీ విషయానికి వస్తే, చాకుతో సగానికి కోశాను. లోపల మెత్తగా, లేత రంగులో, మసాలా జాడ పెద్దగా లేకుండా, ఎవరి జోలికీ పోని గుమస్తాలా ఉన్నారు. పక్కన లింగన్‌బెర్రీ అనే చిన్న పుల్లటి పండ్ల ఎర్రటి జామ్. మాంసంలోకి జామ్ ఏమిటని నేను మొహం పెట్టేలోపే నాన్న ఒక ముక్క దాంట్లో అద్దుకుని నోట్లో వేసుకున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పెసరట్టులోకి బెల్లం వేసిన అల్లప్పచ్చడి తినట్లా? ఇదీ అంతే, అల్లం మర్చిపోయారు పాపం" అన్నారు. మీ ప్రాంతంలో మీకు ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ దొరికి ఉండదు.

మీ అసలు కథ మాత్రం నాకు తెలుసు, దాచకండి. 2018లో స్వీడన్ అధికారిక ట్విటర్ ఖాతాయే బయటపెట్టింది: ఈ వంటకం మాది కాదు, మా రాజు పన్నెండో చార్లెస్ 18వ శతాబ్దం మొదట్లో టర్కీ నుంచి తెచ్చుకున్న వంట అని. అంటే మీరు మా కోఫ్తాకి స్వయానా జ్ఞాతులు. ఒకే ఇంటి నుంచి బయల్దేరి ఒకరు చలిదేశం పోయారు, ఒకరు ఇటొచ్చి గ్రేవీలో స్థిరపడ్డారు. మీరు ఇన్నాళ్ళకి హైదరాబాద్ వచ్చి, గొడ్డు మాంసం, పంది మాంసం వదిలేసి, కోడి దీక్ష తీసుకున్నారు. కూరగాయల వేషం కూడా కట్టారు. అల్లుడు అత్తారింట్లో ఒదిగినట్టే ఒదిగారు.

ఆ రాజుగారి సంగతి చదివినప్పటి నుంచీ నాకు ఆయన మీద జాలి పట్టుకుంది. పోయింది రష్యాని గెలవడానికి. 1709లో పోల్టావా దగ్గర ఓడిపోయి టర్కీ సుల్తాను పంచన చేరాడు. అయిదేళ్ళు అక్కడే తిష్ఠ వేసి, అందినచోటల్లా అప్పులు చేశాడు. చివరికి ఇంటికి తిరిగొస్తే అప్పిచ్చినవాళ్ళు వసూళ్ళకి స్వీడన్ దాకా వెంట వెళ్ళారు. మొత్తం మీద ఆ దండయాత్రలో మిగిలింది ఓ వంటకం, ఓ పద్దుల పుస్తకం. ఆయన యుద్ధానికి పోయి మీట్‌బాల్స్‌తో, అప్పులతో వచ్చాడు. నేను మీట్‌బాల్స్‌కే పోయి అప్పుతో వచ్చాను. రాజులకే తప్పలేదు.

తప్పు మీది కాదు లెండి. ట్రేలు మనమే తీసి పెట్టాలని తెలిసినప్పుడు నాన్న చాలా మెచ్చుకున్నారు. "ఎంగిలి కంచం మనమే తియ్యడం మంచి పద్ధతి." యాభై ఏళ్ళుగా మా అమ్మ ఇంట్లో ఎవరి కంచాలు తీస్తోందో మా ఆవిడ గట్టిగా అడగలేదు, నాకు మాత్రమే వినబడేలా అడిగింది. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. కానీ కడుపు నిండితే మనిషికి ఎక్కడలేని పెద్దమనసు వస్తుంది. మెట్లు దిగుతుంటే, అన్నం తిన్నాం కదా, ఒట్టి చేతుల్తో పోతే ఏం బాగుంటుంది అనిపించింది. ఒక కొవ్వొత్తి. తర్వాత కూరలు తరిగే పలక. తర్వాత డబ్బాలు, మూతలున్నవి. తర్వాత బిల్లీ. ఆ పేరు విని నాన్న "బీరువాకి పిల్లి పేరేంట్రా?" అన్నారు. హైదరాబాద్ వచ్చి నాలుగు రోజులకే ఆయనకి అంత హిందీ పట్టుబడింది.

బిల్లు 11,430. బయట హోటల్లో తింటే అయ్యేదానికన్నా ఓ వెయ్యి మిగిల్చాం. అంటే మిగిల్చిన ప్రతి రూపాయికీ పదకొండు రూపాయలు ఖర్చుపెట్టాం. అట్టపెట్టె మెట్రోలో పట్టదని ట్రాలీ ఆటో మాట్లాడితే వాడు 900 అన్నాడు. భోజనం ఖర్చు దగ్గర దగ్గర మళ్ళీ పడింది.

దారిలో అసలు గుట్టు నాన్నే విప్పారు. మా అక్క పెళ్ళికి తెనాలిలో చీరలు కొన్న కొట్టు గుర్తుందా అన్నారు. పరుపుల మీద కూర్చోగానే షావుకారు అడక్కుండానే అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించాడు. "ఆ డ్రింకు గొంతు దిగాక చీర నచ్చలేదని లేచిరావడానికి మీ అమ్మకి మొహం చెల్లలేదురా." ఐకియా పెట్టిన మీ పాత యజమాని ఇంగ్వర్ కాంప్రాడ్ కూడా అచ్చం ఆ షావుకారే. 17 ఏళ్ళ వయసులో, 1943లో వ్యాపారం పెట్టాడు. 1958లో ఎల్మ్‌హుల్ట్ అనే ఊళ్ళో కొట్టు తెరిచాడు. ఖాళీ కడుపుతో ఉన్నవాడితో బేరం కుదరదని కనిపెట్టి 1960లో అక్కడే భోజనం పెట్టడం మొదలెట్టాడు. మిమ్మల్ని 1985లో సెవెరిన్ షోస్టెట్ అనే షెఫ్ చేత తీర్చిదిద్దించారు. వచ్చే జనంలో 30 శాతం మంది ఉత్త తిండికే వస్తారని, సోఫాలు అమ్మడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరని తర్వాత అమెరికాలో మీవాళ్ళే చెప్పుకున్నారు. ఆ 30 శాతంలో మేమూ ఉన్నామనుకుంటూ మేం మురిసిపోతున్నాం. తెనాలి షావుకారు కనీసం మెనూ కార్డు పెట్టి డబ్బు తీసుకోలేదు. మీ దగ్గర ఎరని కూడా మేమే డబ్బిచ్చి కొనుక్కుని మింగాం.

బిల్లీని ఆ రాత్రే బిగించాం. నేను అలెన్ కీ తిప్పాను, నాన్న బొమ్మల కాగితం తలకిందులుగా పట్టుకుని దారి చూపించారు. రెండు అరలు తిరగబడ్డాయి, మళ్ళీ విప్పాం. ఇప్పుడది గోడకి ఠీవిగా నిలబడింది. అది పుస్తకాల బీరువా. మా ఇంట్లో ఉన్నవి పంచాంగం, పిల్లల పాత గైడ్లు రెండు. మిగతా అరల్లో నాన్న హోమియో సీసాలు, మూతలున్న ఆ డబ్బాలు.

మీ దయకి పాత్రుణ్ణి,
మియాపూర్ వాస్తవ్యుడు

తా.క.: నాన్న తెనాలి చేరి ఫోన్ చేశారు. అల్లం లేని ఆ ఎర్ర పచ్చడి సీసా ఒకటి పంపమన్నారు. "సీసా తీసుకుని వచ్చెయ్, గదుల్లోకి పోకు" అని రెండుసార్లు చెప్పారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే మా ఆవిడ ఆ కాగితం టేపు పట్టుకుని బాల్కనీ గోడ కొలుస్తోంది.