నైట్లీ వీరులకు ఒక శాలువా

మన దగ్గర సన్మానం జరగనివాళ్లు దాదాపు మిగల్లేదు. కవి సమ్మేళనంలో చదివినవాడికి శాలువా, దాన్ని ఏర్పాటు చేసినవాడికి శాలువా, శాలువాలు కొనుక్కొచ్చినవాడికి చివర్లో మిగిలిన శాలువా. ఇంత ఉదారమైన సమాజం ఒక్క వర్గాన్ని మాత్రం పూర్తిగా మరిచిపోయింది. వాళ్లు ఫైర్‌ఫాక్స్ నైట్లీ వాడేవాళ్లు. జీతం లేదు, భత్యం లేదు, అడిగినవాడు లేడు. అయినా పొద్దున లేవగానే నిన్నటిదాకా బాగా నడిచిన బ్రౌజర్‌ని చేతులారా మార్చుకుని, ఇవాళ ఏం విరిగిందో చూస్తారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ని తయారుచేసేది మొజిల్లా. దానికి వచ్చే కొత్త కోడ్ అంతా ముందు నైట్లీ అనే పరీక్షా కూర్పులో పడుతుంది. రోజుకు రెండు కూర్పులు తయారవుతాయి. అక్కడ బతికి బట్టకట్టినవి బీటా అనే తర్వాతి పరీక్షా మెట్టుకు వెళ్తాయి. అక్కడా నిలిచినవి స్థిరమైన విడుదల అనే పేరుతో మనలాంటి పిరికివాళ్ల చేతికి వస్తాయి. 2020లో ఈ విడుదలల వ్యవధిని నాలుగు వారాలకు కుదించారు. ఈ మెట్ల వల్ల మీరు వాడే ఫైర్‌ఫాక్స్ కూర్పు అంకె కన్నా నైట్లీ వాడేవాడి అంకె ఎప్పుడూ రెండు ఎక్కువ.

ఆ రెండే అతని ఆస్తి. దాన్ని తక్కువ అంచనా వేయకండి. 2004 నవంబరులో వచ్చిన 1.0 నుంచి 2011 మార్చిలో వచ్చిన 4 దాకా చేరడానికి ఫైర్‌ఫాక్స్‌కు ఆరేళ్లు దాటింది. అప్పట్లో అంకె మారడం అంటే ఇంట్లో పెళ్లి. తర్వాత పెద్దలకు ఏం తోచిందో, మూడు నెలలకే 5 వచ్చింది, 2022 మే నాటికి 100 అయింది. అంకెలు ఇంత చవకైన కాలంలో కూడా రెండు అంకెల ఆధిక్యాన్ని నిలబెట్టుకోవాలంటే రోజూ అప్‌డేట్ చేసుకోవాల్సిందే. ఒక్కరోజు ఊరెళితే వెనకబడిపోతాడు.

పరీక్షించడం అంటే అంకె చూసుకోవడమేనా అని కొందరు దుర్మార్గులు అడుగుతారు. కాదు. తప్పు కనబడితే మొజిల్లా ఫిర్యాదుల చిట్టా అయిన బగ్‌జిల్లాలో నమోదు చేయాలి. ఏం చేస్తే తప్పు వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది అని మూడు భాగాలుగా రాయాలి. నైట్లీ వీరుడు ఈ మూడింటినీ కలిపి "పనిచేయడం లేదు" అని ఒక్క మాటలో చెప్పగల సమర్థుడు. చాలాసార్లు ఆ మాట కూడా బగ్‌జిల్లాకు చేరదు, పక్క కుర్చీలో ఉన్నవాడికి చేరుతుంది.

ఒకవేళ చేరినా అక్కడ నాలుగు ముగింపులు సిద్ధంగా ఉంటాయి. డూప్లికేట్: ఇది ఇంతకుముందే ఎవరో చెప్పారు. ఇన్‌కంప్లీట్: వివరాలు చాలవు. వోంట్‌ఫిక్స్: నిజమే, కానీ బాగుచేయం. వర్క్స్‌ఫర్‌మీ: నాకు బాగానే నడుస్తోంది. మన మండల కార్యాలయాల్లో తరతరాలుగా నోటితో ఇస్తున్న జవాబులు కూడా ఇవే. కాకపోతే బగ్‌జిల్లాలో వాటిని రాసి, తేదీ వేసి, కారణం చెప్పి, భద్రతకు సంబంధించినవి తప్ప మిగతావన్నీ ఊరందరూ చదివేలా ఉంచుతారు. ఇది మన పరిపాలనా సంప్రదాయానికి ఎంత ప్రమాదకరమో వేరే చెప్పక్కర్లేదు.

ఓపిక విషయంలో మాత్రం వాళ్లూ మనవాళ్లే. బ్రౌజర్ మీద బాణం నిలిపితే వచ్చే చిన్న వివరణ పెట్టె, వేరే ప్రోగ్రామ్‌లోకి వెళ్లిపోయాక కూడా దాని మీద తేలుతూ ఉండిపోతోందని 2002లో ఒకరు ఫిర్యాదు రాశారు. 2023లో బాగైంది. ఫిర్యాదు పుట్టిన రోజున పుట్టిన పిల్ల డిగ్రీ చదివే వయసుకొచ్చింది. అయినా ఫైలు పోలేదు, తగలబడలేదు, చెదలు పట్టలేదు. ఈ ఒక్క కారణానికే మొజిల్లా మీద విచారణ వేయించాలి.

ఇంకొక ఘోరం చెబుతాను. మోజ్‌రిగ్రెషన్ అని ఒక పనిముట్టు ఉంది. ఫలానా తేదీన బాగుంది, ఫలానా తేదీకి పాడైంది అని చెబితే, సరిగ్గా మధ్యనున్న నైట్లీ కూర్పుని దించి తెరుస్తుంది. "ఇది మంచిదా, చెడ్డదా?" అంటుంది. మీ జవాబును బట్టి మిగిలినదాన్ని మళ్లీ సగం చేస్తుంది. అలా కోసుకుంటూ పోయి, తప్పు ఏ రోజు లోపలికి వచ్చింది, ఏ మార్పుతో వచ్చింది అనేదాకా పట్టిస్తుంది. మన ప్రభుత్వ పోర్టళ్లకు, రోడ్లకు, వంతెనలకు ఇలాంటిది ఒకటి కనిపెడితే కాంట్రాక్టర్లు ఎలా బతకాలి?

అసలు నైట్లీ చేసిన నేరం ఇది: "నేను ఇంకా ఉడకలేదు" అని ముందే చెప్పేస్తుంది. అస్థిరంగా ఉండొచ్చంటుంది, కూలిపోతే నివేదిక పంపమంటుంది. పూర్వం దాని లోపలి సెట్టింగుల పేజీ తెరవబోతే "వారంటీ పోవచ్చు" అని హెచ్చరించేది. పైసా తీసుకోకుండా ఇచ్చిన వస్తువుకి వారంటీ! జాగ్రత్తగా ఉంటానని మాటిస్తూ మీట నొక్కితేగానీ లోపలికి రానిచ్చేది కాదు. జీమెయిల్ కూడా 2004 నుంచి 2009 దాకా నుదుట బీటా అని రాసుకునే కోట్లమంది ఉత్తరాలు మోసింది. మన దగ్గర పోర్టల్‌కు బీటా ఉండదు. రిబ్బన్ కత్తిరిస్తే అది పూర్తయినట్టే. ఆ తర్వాత అందులో తెల్ల తెర కనబడితే లోపం పౌరుడిది. మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే తన పాత బ్రౌజర్ ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు వీడ్కోలు చెప్పింది. కొన్ని కార్యాలయాల సూచనల పేజీలకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఆ మాటకొస్తే తెలుగు చదివేవాళ్లం అందరం పాత పరీక్షకులమే. విండోస్ ఎక్స్‌పీలో మన లిపికి కావలసిన మద్దతు విడిగా వేసుకోకపోతే ఒత్తులు చెల్లాచెదురయ్యేవి. అక్షరాలను పేర్చిపెట్టే పాంగో అనే సరంజామా లేకుండా కట్టిన లినక్స్ ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే గతి. పత్రికలకేమో తలో ఫాంటు. వాటిని అందరికీ ఒకటే అయిన యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింత (ఎక్స్‌టెన్షన్) పెట్టుకుని వార్తలు చదివిన తరం మనది. అది పరీక్షని ఎవరూ చెప్పలేదు కాబట్టి మనం దాన్ని చదువు అనుకున్నాం. ఇప్పుడు బ్రౌజర్ తెలుగు మెనూతోనూ దొరుకుతుంది. స్వచ్ఛందంగా అనువదించేవాళ్లు ఇంకా అందుకోని మాటలు ఇంగ్లీషులోనే కనబడతాయి. దీని మీద మాత్రం ఫిర్యాదులు లేవు, మనం మాట్లాడేదీ అలాగే కదా.

సన్మాన పత్రంలో రాయకూడని సంగతి ఒకటుంది. 2019లో వచ్చిన 67వ కూర్పు నుంచి నైట్లీకి, మామూలు ఫైర్‌ఫాక్స్‌కు ప్రొఫైళ్లు, అంటే మన సెట్టింగులు, బుక్‌మార్కులు దాచుకునే అరలు, వేరు. రెండూ ఒకే కంప్యూటర్‌లో కొట్టుకోకుండా ఉంటాయి. ఈ ఏర్పాటు ఎందుకు చేశారో నైట్లీ వీరుడికి బాగా తెలుసు. జూలై నెలాఖరున ఆదాయపు పన్ను రిటర్ను వేయాల్సిన రోజున, రైలు టిక్కెట్లు తెరిచే నిమిషానికి, అతను తెరిచేది ఆ రెండోదే. అడిగితే, అది ఇంట్లోవాళ్ల కోసం పెట్టానంటాడు.