దుంప చీల్చి ఇవ్వమని నన్ను అడగకండి

పుల్లటి కాడల కోసం పెంచే మొక్క రూబార్బ్. దాన్ని పెంచేవాళ్లకు ఒక మాట చెప్పాలి. కోపంగానే చెబుతున్నాను. దుంపను పారతో నాలుగుగా చీల్చి, ముక్కకో మొగ్గ ఉండేలా చూసి, తెలిసినవాళ్లకు పంచడం మంచితనమని మనందరి నమ్మకం. నాదీ అదే. ఒక స్నేహితురాలు ఇచ్చిన దుంప నుంచి ఆరు మొక్కలు చేసి, రెండు మరొకరికి ఇచ్చాను. మూడో ఏడాదికి బొటనవేలంత ఉండాల్సిన కాడలు చిటికెనవేలంత అయ్యాయి. ఎరువు పెంచాను, నీళ్లు పెంచాను, చివరికి నేలను తిట్టుకున్నాను.

ఒక ఉదయం లేత ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాను. ఈనెల మధ్య ఒకచోట చిక్కటి ఆకుపచ్చ, పక్కనే ఉతికి వెలిసినట్టు పాలిపోయిన రంగు, అక్కడక్కడా పసుపు వలయాలు. పరీక్ష చేయిస్తే టర్నిప్ మొజాయిక్ వైరస్ అని తేలింది. మనం దుంప చీల్చేది ఆకులన్నీ ఎండిపోయి మొక్క నిద్రపోయే కాలంలో. మచ్చలు కనిపించేది ఆకు మీద. ఇక తెగులును ఎవరు చూస్తారు? చూసే అవకాశమే లేని సమయంలో చీలుస్తూ, ‘మా మొక్క ఆరోగ్యంగా ఉంది’ అని ధైర్యంగా చెబుతాం.

కత్తిని స్పిరిట్‌తో తుడిస్తే చాలని సలహా ఇచ్చేవాళ్లున్నారు. తుడవండి, కుళ్లు తెగుళ్లకు మంచిదే. కానీ వైరస్ ఉన్నది మీ చేతిలోని ముక్క లోపల. మందు కొట్టి, ఈ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోసే పేనుబంకను చంపుతామనేవాళ్లు మరికొందరు. ఈ వైరస్‌ను ఎక్కించడానికి పేనుబంకకు ఆకులో సూది దింపి రుచి చూసే కొన్ని క్షణాలు చాలు. మందుకు అది చచ్చేలోపే పని అయిపోతుంది. రూబార్బ్‌కే సోకే ఇంకో వైరస్, అరబిస్ మొజాయిక్‌దైతే మరో దారి: దాన్ని మోసేవి నేలలోని నులిపురుగులు. అందుకే పాత మొక్క పీకిన గుంటలోనే కొత్తది పెట్టకండి.

విత్తనం వేస్తే సరిపోదా? టర్నిప్ మొజాయిక్ బాధ చాలావరకు తప్పుతుంది కానీ, విత్తనంతో వచ్చే వైరస్‌లూ ఉన్నాయి. పైగా మొలకలు తల్లిని పోలి రావు. విక్టోరియా లాంటి 19వ శతాబ్దపు రకాన్ని చీల్చి చీల్చి నిలుపుకొంటూ వచ్చారంటే కారణం అదే. ఒకే మొక్కను అన్ని తరాలపాటు నరుక్కుంటూ పోతే మధ్యలో ఎక్కిన వైరస్ ఏదీ దిగిపోదు.

నాకు అసలు మండేది ఇక్కడ. ‘టిష్యూ కల్చర్ మొక్క (చిన్న ముక్క నుంచి ప్రయోగశాలలో పెంచినది), తెగులు ఉండదు’ అని ఒక నర్సరీవారు అమ్మారు. తల్లి మొక్కను పరీక్షించారా అని అడిగితే ముఖం చిట్లించారు. టిష్యూ కల్చర్ ఒక నకలు యంత్రం మాత్రమే. జబ్బు తల్లిని పెడితే జబ్బు పిల్లలు వేలల్లో వస్తాయి. వైరస్‌ను వదిలించేది వేరే పని: మొక్క కొనలో వైరస్ ఇంకా చేరని, మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే ఉండే కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద కోసి పెంచడం. ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు 1952లోనే డాలియా పూలమొక్కలో ఇది సాధించి చూపించారు. అలా తీసిన ప్రతి మొక్కా శుభ్రంగా ఉంటుందనీ కాదు. అది పెరిగాక వైరస్‌ను పట్టే ఎలీసా లాంటి పరీక్ష చేయాలి, కొన్నాళ్లకు మళ్లీ చేయాలి, నెగ్గినదాన్నే పురుగు దూరని వలపందిట్లో తల్లిగా ఉంచాలి. ఖర్చు ఎక్కువే. చేయనివాళ్లు చేయలేదని చెబితే నాకు అభ్యంతరం లేదు, చేసినట్టు అమ్మితేనే ఉంది.

నా దగ్గర మిగిలిన నాలుగు మొక్కలూ తవ్వి తీసేశాను. నేను ఇచ్చిన రెండింటి గురించి వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. ‘బాగానే కాస్తోందిగా’ అన్నారు. పోయిన నెలే అందులో ఒకదాన్ని చీల్చి మరో నలుగురికి పంచారట.